తండ్రి పరీక్ష రాస్తే... కొడుకు పాసా?

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ‘కవరేజీ 100 శాతం’ అంటే పండగే. ప్రోగ్రామ్‌లో పరీక్షకు అందని లైను ఒక్కటీ మిగల్లేదని లెక్క. కానీ జావా, సీ ప్లస్ ప్లస్ లాంటి భాషల్లో రాసిన ప్రోగ్రాముల దగ్గరకొచ్చేసరికి ఆ లెక్కలో పెద్ద పెద్ద కంతలున్నాయి. ఎక్కడున్నాయవి?

1996 జూన్ 4. దక్షిణ అమెరికా ఖండంలోని ఫ్రెంచ్ గయానా. కూరూ ప్రయోగకేంద్రం నుంచి ఏరియాన్-5 రాకెట్ మొట్టమొదటిసారి నింగికి లేచింది. దాని కడుపులో నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు. అన్నీ సవ్యంగా ఉన్నాయనుకుంటుండగానే, దాదాపు 40 సెకన్లకు, 3,700 మీటర్ల ఎత్తులో రాకెట్ దారి తప్పింది. ముక్కలైంది. పేలిపోయింది.

ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త జాక్ లూయీ లియోన్స్ అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. నెలన్నరలో నివేదిక వచ్చింది. ఇంజిన్ లోపం కాదు, ఇంధనం లీకవలేదు. రాకెట్ ఎటు వెళ్తోందో చెప్పే పరికరంలోని చిన్న ప్రోగ్రామ్ ముక్క కొంప ముంచింది. అడ్డంగా ఎంత వేగంతో కదులుతోందో చెప్పే అంకెకు సంబంధించిన లెక్క అది. 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల గదిలో సర్దాలి. ఆ గదిలో పట్టే అతి పెద్ద అంకె 32,767. ఆరోజు వచ్చిన అంకె అంతకన్నా పెద్దది. అంకె పట్టక పరికరం చేతులెత్తేసింది. పక్కన మరో పరికరం తోడుగా ఉంది కదా అంటారా? అందులోనూ అదే ప్రోగ్రామ్. అది అప్పటికే అదే కారణంతో ఆగిపోయింది. ఏ మేకు గుచ్చుకుని టైరు పంక్చరైందో అదే మేకు స్టెపినీకీ గుచ్చుకున్నట్టు!

అసలు విశేషం ఇంకోటుంది. ఆ ప్రోగ్రామ్ కొత్తది కాదు. ఏరియాన్-4 రాకెట్లలో ఏ పేచీ లేకుండా పనిచేసింది. బాగానే ఉంది కదా అని దాన్ని తెచ్చి ఏరియాన్-5లో పెట్టారు. కొత్త రాకెట్‌లో అడ్డవేగం పాతదానికన్నా ఐదు రెట్లు త్వరగా పెరుగుతుంది. ఆ కొత్త ప్రయాణ మార్గం లెక్కలతో పరికరాన్ని ఎవరూ పరీక్షించలేదు. ఇంకా బాధాకరమైన సంగతి, నేల మీంచి లేచాక ఏరియాన్-5కి ఆ లెక్కతో పనే లేదు.

ఆ లైను పరీక్షకు అందని లైనా అని అడిగితే, కాదు అనే చెప్పాలి. అన్నిసార్లు నడిచింది, అన్నిసార్లూ సరైన జవాబే ఇచ్చింది. లైను మారలేదు. అది చేరిన ఇల్లు మారింది.

ఏరియాన్ ప్రోగ్రామ్‌ను రాసింది ఏడా అనే భాషలో. మనం చెప్పుకోబోయే ‘ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్’ తరహాది కాదది. కానీ ఒకచోట రాసిన కోడ్‌ను ఇంకోచోటికి తెచ్చి వాడుకోవడం అక్కడ ఎప్పుడో ఒకసారి జరిగిన పని. జావా ప్రోగ్రామర్ దగ్గర అది రోజూ జరుగుతుంది, గంటకోసారి జరుగుతుంది. భాషే అందుకు దారి పరిచి పెట్టింది.

సిలబస్ అయిపోయింది!

మార్చి వచ్చేసరికి కాలేజీల్లో లెక్చరర్లు ‘సిలబస్ కవరైపోయింది’ అనేస్తుంటారు. అంటే పుస్తకంలోని ప్రతి పాఠం మీదా ఒకసారి చెయ్యి పడిందని. పిల్లలకు వచ్చిందా లేదా అన్నది వేరే సంగతి. సాఫ్ట్‌వేర్‌లో కవరేజీ కూడా సరిగ్గా అలాంటిదే.

ప్రోగ్రామ్ రాసేవాళ్లు దాంతోపాటే పరీక్షలూ రాస్తారు. ‘ఈ అంకె ఇస్తే ఆ జవాబు రావాలి’ అన్నట్టుగా. ఆ పరీక్షలన్నీ నడిపేటప్పుడు ఒక పరికరం పక్కన కూర్చుని ఏ లైను నడిచింది, ఏది నడవలేదు అని గుర్తు పెట్టుకుంటుంది. నడిచిన లైనుకు ఆకుపచ్చ రంగు. నడవనిదానికి ఎరుపు. వెయ్యి లైన్లలో 800 నడిస్తే కవరేజీ 80 శాతం. ‘అయితే’, ‘కాకపోతే’ అని రెండు దారులు చీలేచోట రెండు దారుల్లోనూ వెళ్లారా అని చూసేది ఇంకాస్త గట్టి లెక్క. దాన్ని బ్రాంచ్ కవరేజీ అంటారు.

ఈ ఆలోచన పాతదే. 1963లో మిల్లర్, మలోనీ అనే ఇద్దరు అమెరికన్ కంప్యూటర్ పత్రికలో రాసిన వ్యాసం దీనికి మొదటి మెట్టని చెబుతారు. అప్పటి ప్రోగ్రాములు పైనుంచి కిందికి చదువుకుంటూ పోయే చిట్టాల్లాంటివి. ఏ లైను ఏం చేస్తుందో ఆ లైనులోనే కనబడేది. వాటికి ఆ కొలత చక్కగా సరిపోయింది.

జావాకు వచ్చేసరికి పరీక్షలు రాయడం బాగా తేలికైంది. జేయూనిట్ అనే పరికరమే అందుకు కారణం. దీని పుట్టుక తమాషాగా ఉంటుంది. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా అనే ఇద్దరు ప్రోగ్రామర్లు ఒక సదస్సు కోసం జ్యూరిక్ నుంచి అట్లాంటాకు వెళ్తూ, విమానంలో కూర్చుని దీన్ని మొదలుపెట్టారు. దాని వెనకే కవరేజీ కొలిచే పరికరాలు వరసగా వచ్చాయి. వాటిలో ఒకదాని పేరు కోబర్టూరా. స్పానిష్‌లో కవరేజీ అనే అర్థం. ఇప్పుడు బాగా వాడుకలో ఉన్నది జాకోకో.

అమీర్‌పేటలో టెస్టింగ్ కోర్సు చేసి ఉద్యోగంలో చేరిన మన పిల్లలు ఎంతమందో. వాళ్లలో ఎవర్నడిగినా చెబుతారు, రిలీజు ముందు మేనేజరు మొట్టమొదట అడిగేది ఆ శాతమే అని. సోనార్‌క్యూబ్ అనే పరికరం ముందే అమర్చి ఇచ్చే షరతుల్లో కొత్తగా రాసిన కోడ్‌కి 80 శాతం కవరేజీ ఒకటి. అది దాటకపోతే ఎర్రజెండా.

వారసత్వం వచ్చింది... చిక్కూ వచ్చింది

1960ల్లో నార్వేలోని ఓస్లోలో ఒలె యొహాన్ దాల్, క్రిస్టెన్ నీగార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సిములా అనే భాషను తయారుచేశారు. ప్రోగ్రామ్‌ను చిట్టాలా కాకుండా వస్తువుల సమాహారంగా రాయాలన్నది వాళ్ల ఆలోచన. ఒక్కో వస్తువుకు సొంత సమాచారం, సొంత పనులు. ఒక్కో రకం వస్తువుకు ఒక్కో ‘క్లాస్’. క్లాసులకు కుటుంబాలుంటాయి. తండ్రి క్లాసుకు వచ్చిన పనులన్నీ పిల్ల క్లాసుకు వారసత్వంగా వస్తాయి. నచ్చనివి అది తిరగరాసుకోవచ్చు. ఆ ఇద్దరికీ 2001 సంవత్సరానికి ట్యూరింగ్ అవార్డు దక్కింది. సీ ప్లస్ ప్లస్, జావా, సీ షార్ప్... అన్నీ ఆ చెట్టు కొమ్మలే.

వారసత్వం వల్ల లాభం తెలిసిందే. ఒకసారి రాస్తే పదిమంది పిల్లలు వాడుకుంటారు. మొదట్లో చాలామంది ఇంకో లాభం కూడా ఊహించుకున్నారు. తండ్రి దగ్గర పరీక్షించిన కోడ్‌ను కొడుకు దగ్గర మళ్లీ పరీక్షించనక్కర్లేదు కదా అని. చెవికి ఇంపుగానే ఉంది. నిజమేనా?

ఒక బ్యాంకు ప్రోగ్రామ్‌ను ఊహించుకోండి. అందులో ‘ఖాతా’ అనే తండ్రి క్లాస్ ఉంది. దానికి ‘డబ్బు తీయడం’ అనే పని ఉంది. ఉన్న నిల్వలోంచి అడిగిన మొత్తం తీసేస్తే మిగిలేది కనీస నిల్వకన్నా తక్కువైతే కుదరదని చెప్పాలి. లేకపోతే ఇచ్చేయాలి. అంతే. ఆ కనీస నిల్వ ఎంతో తండ్రికి తెలియదు. పిల్లల్ని అడుగుతాడు. ‘పొదుపు ఖాతా’ అనే పిల్ల క్లాస్ 500 అని చెబుతుంది. ఇంకో పిల్ల ‘ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతా’. వ్యాపారులకు నిల్వ సున్నా అయ్యాక కూడా 50 వేల దాకా వాడుకునే వెసులుబాటు ఇచ్చే ఖాతా అది. అంటే దాని కనీస నిల్వ మైనస్ 50 వేలు.

ప్రోగ్రామర్ మైనస్ గుర్తు మర్చిపోయాడు. 50 వేలు అని రాశాడు.

ఇక పరీక్షలు. పొదుపు ఖాతాలో 2,000 వేసి 1,000 అడిగారు, వచ్చింది. 1,800 అడిగారు, కుదరదంది. భేష్. ‘డబ్బు తీయడం’లోని రెండు దారులూ పచ్చబడ్డాయి. పొదుపు ఖాతా కనీస నిల్వ లైనూ పచ్చబడింది. మిగిలింది ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతా చెప్పే ఆ ఒక్క లైను. పరీక్ష రాసే అతను ‘పరిమితి 50 వేలే కదా’ అనుకుని, ఆ ఖాతాను తెరిచి అంకె అడిగాడు. 50 వేలంది. పాస్! లైను కవరేజీ 100. బ్రాంచ్ కవరేజీ 100.

మర్నాడు కౌంటరు దగ్గరికి కిరాణా వ్యాపారి వస్తాడు. ఆయన ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతాలో 20 వేలున్నాయి. 30 వేలు కావాలంటాడు. ఇవ్వొచ్చు, మైనస్ 10 వేలకు వెళ్తుంది, పరిమితిలోనే ఉంది. ప్రోగ్రామ్ కుదరదంటుంది. పోనీ 100 రూపాయలివ్వమంటాడు. అదీ కుదరదంటుంది. మిగిలే 19,900 ఆ తప్పుడు 50 వేలకన్నా తక్కువ మరి! తన డబ్బు తనకివ్వకపోవడమేంటని ఆయన గొడవపడితే కౌంటరులో కూర్చున్న పిల్ల ఏం చెబుతుంది పాపం.

జరిగింది ఒకటే. ‘డబ్బు తీయడం’ అనే పనిని ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతా మీద ఎవరూ నడపలేదు. ఆ పని రాసి ఉన్నది తండ్రి క్లాసులో. పొదుపు ఖాతా తరఫున నడిచినా, ఇంకో ఖాతా తరఫున నడిచినా పరికరం టిక్కు పెట్టేది ఆ తండ్రి లైన్ల పక్కనే. ఏ పిల్ల తరఫున నడిచిందన్న సంగతి దాని పద్దులో లేదు. జాకోకో లాంటివి ఇప్పటికీ వారసత్వంగా వచ్చిన కోడ్‌ను రాసి ఉన్న క్లాసు ఖాతాలోనే వేస్తాయి.

గుమ్మం మీద ‘పి’

పల్స్ పోలియో రోజులు గుర్తున్నాయా? చుక్కల మందు వేసేవాళ్లు ఇంటింటికీ వచ్చి, వెళ్తూ వెళ్తూ తలుపు మీదో గోడ మీదో సుద్దముక్కతో గుర్తు వేసేవారు. ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలందరికీ చుక్కలు పడితే ‘పి’. ఒక్కరు మిగిలినా, అమ్మమ్మగారింటికి వెళ్లారన్నా ‘ఎక్స్’. ఆ ఇంటికి మళ్లీ వస్తారు. 2014 మార్చిలో మన దేశం పోలియో రహితమని ధ్రువీకరణ పొందిందంటే ఆ ఎక్స్ గుర్తుల పుణ్యం అందులో చాలా ఉంది.

కవరేజీ పరికరం దీనికి సరిగ్గా తలకిందులుగా పనిచేస్తుంది. ఇంట్లో ఒక్క పిల్లకు చుక్కలు పడితే చాలు, ‘పి’ వేసి పక్కింటికి వెళ్లిపోతుంది.

ఎలాగంటే... ప్రోగ్రామ్‌లో ‘ఖాతా.వడ్డీ లెక్కించు’ అని ఒకే ఒక లైను ఉంటుంది. చూడ్డానికి అందులో చీలిక దారులేం లేవు. కానీ అక్కడికి వచ్చే ఖాతా ఏ రకందో ప్రోగ్రామ్ నడిచేటప్పుడే తేలుతుంది. పొదుపు ఖాతా వస్తే ఒక లెక్క. ఫిక్స్‌డ్ డిపాజిట్ వస్తే ఇంకో లెక్క. సీనియర్ సిటిజన్ ఖాతా వస్తే మరోటి. పాత పద్ధతిలోనైతే ఇదే ‘ఈ రకమైతే ఇలా, ఆ రకమైతే అలా’ అని 12 చీలికలుగా కనబడేది. బ్రాంచ్ కవరేజీ ఆ పన్నెండింటినీ లెక్క అడిగేది. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతి ఆ చీలికలన్నిటినీ ఒక్క లైను వెనక దాచేసింది. కోడ్ అందంగా తయారైంది, కొలత గుడ్డిదైపోయింది. గట్టిగా మాట్లాడితే, కోడ్ ఎంత చక్కగా రాస్తే కవరేజీ శాతం అంత సులువుగా పెరుగుతుంది!

ఆ లైను డబ్బు బదిలీ చేసేదైతే లెక్క ఇంకా పెరుగుతుంది. పంపేవాడి ఖాతా ఐదు రకాలు, అందుకునేవాడిది ఐదు రకాలు. 25 జతలు. బదిలీ విధానాలు నాలుగనుకుంటే 100 కలయికలు. ఒక్కటి నడిపితే లైను పచ్చ. మిగతా 99 ఏ రిపోర్టులోనూ ఉండవు.

మరి ఏయే లైను దగ్గరికి ఏయే క్లాసులు రావచ్చో లెక్కేసి, వాటన్నిటినీ పరీక్షించారా అని అడగొచ్చు కదా? అడగొచ్చు. ఆ దిశగా పరిశోధనలు జరిగాయి. 2003లో అమెరికాలో రౌంతెవ్, మిలనోవా, రైడర్ అనే పరిశోధకులు జావా ప్రోగ్రాముల కోసం అచ్చంగా ఇదే కొలతను ప్రతిపాదించారు. చిక్కెక్కడంటే, శాతం కట్టాలంటే కింద భాగహారం తెలియాలి. నాలుగు రకాలకు పరీక్ష పెట్టాం... ఎన్నిట్లో నాలుగు? వరసలో 12 క్లాసులున్నా అక్కడికి నిజంగా రాగలిగేవి ఏడే కావచ్చు. ఆ ఏడు ఏవో తేల్చడానికి ప్రోగ్రామ్‌ను లోతుగా విశ్లేషించాలి. విశ్లేషణ మొరటుగా చేస్తే రాని చుట్టాలకు కూడా విస్తళ్లు వేయాల్సి వస్తుంది. పైగా జావాలో ప్రోగ్రామ్ నడుస్తుండగానే కొత్త క్లాసుల్ని తెచ్చి కలపొచ్చు. రేపు ఎవరో రాయబోయే పదమూడో క్లాసును ఇవాళ ఎవరు లెక్కేస్తారు?

విడివిడిగా బంగారమే

వస్తువుకు జ్ఞాపకం ఉంటుంది. అది ఇంకో చిక్కు. రైలు టికెట్‌ను ఒక వస్తువనుకుంటే దానికి బుక్ చేయడం, రద్దు చేయడం, డబ్బు వాపసివ్వడం అని మూడు పనులు. మూడింటినీ విడివిడిగా పరీక్షించారు. అన్నీ పచ్చ. కానీ రద్దు చేసిన టికెట్‌ను మళ్లీ రద్దు చేస్తే? వాపసు తీసుకున్నాక ఇంకోసారి వాపసు అడిగితే? మూడు పనుల్ని మూడు అడుగుల్లో వేస్తేనే 27 వరసలు వస్తాయి. కవరేజీ పరికరానికి వరసతో పనిలేదు. ఏ లైను నడిచిందన్నదే చూస్తుంది, దేని తర్వాత ఏది నడిచిందని చూడదు.

అసలు రాయని లైను సంగతి సరేసరి. ‘ఇప్పటికే రద్దయిందా అని చూడు’ అన్న లైను ప్రోగ్రామర్ రాయనే లేదనుకోండి, దానికి ఎర్ర రంగు వేసేదెవరు? ఉన్నవాటిలోనే కదా శాతం. టెస్టింగ్ నిపుణుడు బ్రయాన్ మారిక్ 1990ల్లోనే ఈ మాట నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాడు. ఇది ఆబ్జెక్టులకే పరిమితమైన జబ్బు కాదు, అన్ని ప్రోగ్రాములకూ ఉన్నదే.

వీటన్నిటికన్నా హీనమైన వ్యవహారం ఇంకోటుంది. లైన్లన్నిటినీ నడిపి, జవాబు సరైనదో కాదో చూడకుండా వదిలేసే పరీక్షలు. వండి, రుచి చూడకుండా గిన్నె దించేయడం లాంటిది. శాతం మాత్రం వచ్చేస్తుంది. గడువు దగ్గరపడ్డప్పుడు, ఏ పనీ లేని చిన్న చిన్న మెథడ్లకు గబగబా పరీక్షలు రాసి 78ని 80 చేసేవాళ్లున్నారని ఈ రంగంలో ఎవర్ని కదిపినా నవ్వుతూ ఒప్పుకుంటారు. ఇప్పుడు ఆ పనికి ఏఐ తోడొచ్చింది. కోడ్ ఇస్తే పరీక్షలు చకచకా రాసిపెడుతుంది. అయితే కోడ్‌ను చూసి పరీక్ష రాస్తే, కోడ్‌లో ఉన్న తప్పే సరైన జవాబుగా నమోదయ్యే ప్రమాదముంది. పైన చెప్పుకున్న 50 వేల పరీక్ష అచ్చం అలాంటిదే.

ముందే చెప్పారు... వినలేదు

ఈ కంతల సంగతి కొత్తగా బయటపడిందేం కాదు. 1986లో న్యూయార్క్ యూనివర్సిటీకి చెందిన ఎలైన్ వేయుకర్, పరీక్షలు చాలినన్ని ఉన్నాయని ఎప్పుడు అనొచ్చో చెప్పే సూత్రాలు కొన్ని రాశారు. ముక్కలు విడివిడిగా పాసైనంత మాత్రాన కలిపిన మొత్తం పాసైనట్టు కాదన్నది అందులో ఒకటి. మొత్తాన్ని బాగా పరీక్షించినంత మాత్రాన అందులోని ప్రతి ముక్కనూ బాగా పరీక్షించినట్టు కాదన్నది ఇంకొకటి. రెండోది కాస్త ఆలోచిస్తేగానీ బుర్రకెక్కదు. ఆ ముక్క ఒక ఇంట్లో చూసిన అవసరాలు వేరు, రేపు ఇంకో ఇంట్లో చూడబోయేవి వేరు.

నాలుగేళ్ల తర్వాత, 1990లో, బెల్ ల్యాబ్స్‌కు చెందిన డ్యుయేన్ పెర్రీ, కొలంబియా యూనివర్సిటీకి చెందిన గెయిల్ కైజర్ ఆ సూత్రాలను తీసుకెళ్లి వారసత్వం మీద పెట్టి చూశారు. తేలింది చాలామందికి మింగుడుపడలేదు. తండ్రి నుంచి ఒక్క అక్షరం మార్చకుండా వచ్చిన పనినైనా సరే, పిల్ల దగ్గర మళ్లీ పరీక్షించాల్సిందే. తండ్రి పనిని పిల్ల తిరగరాసుకుంటే పాత పరీక్షలు సరిపోతాయన్న హామీ లేదు, కొత్తవి రాయాల్సి రావచ్చు. ఏరియాన్ కూలడానికి ఆరేళ్ల ముందు అచ్చైన వ్యాసం అది. జావా అప్పటికింకా పుట్టనే లేదు, 1995లో బయటికొచ్చింది.

ఈ కథలో మన హైదరాబాద్‌కీ ఒక ఘట్టం ఉంది. 2014 మే 31 నుంచి జూన్ 7 వరకు, సరిగ్గా తెలంగాణ రాష్ట్రం ఆవిర్భవించిన వారంలో, సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ రంగంలో అతి పెద్ద అంతర్జాతీయ సదస్సు హైదరాబాద్‌లో జరిగింది. నగరమంతా సంబరాల్లో ఉంది. ఆ సదస్సుకు కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీ నుంచి లారా ఇనోజెమ్‌ట్సేవా, రీడ్ హోమ్స్ రాసిన పరిశోధన పత్రం ఒకటి వచ్చింది. ఐదు పెద్ద జావా ప్రోగ్రాములు తీసుకున్నారు. వాటిలో పెద్దది 7 లక్షల 24 వేల లైన్లది. ఉన్న పరీక్షల్లోంచి రకరకాలుగా ఏరి 31 వేల పరీక్షల కట్టలు కట్టారు. ఒక్కో కట్టకు కవరేజీ ఎంత, అది నిజంగా ఎన్ని తప్పుల్ని పట్టుకుంటుంది అని పోల్చి చూశారు.

పైపైన చూస్తే కవరేజీ పెరిగినకొద్దీ పట్టుకునే తప్పులూ పెరిగాయి. కానీ కవరేజీ పెరిగేది కట్టలో పరీక్షలు ఎక్కువైనందుకు కూడా. అందుకని పరీక్షల సంఖ్య సమానంగా ఉన్న కట్టల్ని పక్కపక్కన పెట్టారు. అప్పుడు ఆ బంధం బాగా పలచబడిపోయింది. బ్రాంచ్ కవరేజీ లాంటి గట్టి కొలతలు వాడినా పెద్దగా ఒరిగింది లేదు. ఎక్కడ పరీక్షలు తక్కువున్నాయో చూపించడానికి కవరేజీ పనికొస్తుంది, నాణ్యతకు గురిగా పెట్టుకోవడానికి మాత్రం పనికిరాదని తేల్చారు. ఎరుపును నమ్మొచ్చు, పచ్చను నమ్మలేమన్నమాట. ఆ సదస్సు జరిగిన ఊళ్లోనే ఎన్నో కంపెనీల్లో ఇవాళ్టికీ 80 శాతం గీత చెక్కుచెదరలేదు. మేనేజర్లకు ఒక అంకె కావాలి, ఇంతకన్నా సులువుగా దొరికే అంకె లేదు.

విమానాల వాళ్లు ఏం చేశారు?

ఈ విషయాన్ని అందరికన్నా గట్టిగా పట్టించుకున్నది విమానాల సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు. తప్పదు మరి. వాళ్లకు డీఓ-178బీ అనే ప్రమాణం 1992లో వచ్చింది. సాఫ్ట్‌వేర్ తప్పు చేస్తే విమానమే కూలే ప్రమాదమున్న చోట మామూలు కవరేజీ చాలదు. ఒక షరతులో ఐదు అంశాలుంటే, ఒక్కో అంశం విడిగా మారినా ఫలితం మారుతుందని చూపించాలి. అంత కఠినమైన ప్రమాణం కూడా ఆబ్జెక్టుల్ని దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు. అందుకే చాలాకాలం విమానాల్లోకి వారసత్వాన్ని రానివ్వడానికే జంకారు. 2004లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఈ చిక్కులన్నిటినీ ఏకరువు పెడుతూ ఒక చేతిపుస్తకం వెలువరించింది. 2011లో కొత్త ప్రమాణం డీఓ-178సీ వచ్చినప్పుడు దాంతోపాటు డీఓ-332 అనే అనుబంధం ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ కోడ్ కోసమే ప్రత్యేకంగా వచ్చింది.

అందులో అసలు కిటుకు ఇది. తండ్రి రావాల్సిన చోటికి కొడుకు వచ్చినా పని సవ్యంగా సాగుతుందని చూపించాలి. ఈ సూత్రానికి మూలం ఎంఐటీకి చెందిన బార్బరా లిస్కోవ్ 1987లో ఒక సదస్సులో చెప్పిన మాట. చూపించడానికి మూడు దారులిచ్చారు. గణితంతో నిరూపించడం ఒకటి. ఫలానా లైను దగ్గరికి రాగలిగిన ప్రతి క్లాసునూ అక్కడికి తెచ్చి నడిపి చూడటం ఇంకొకటి. పల్స్ పోలియో పద్ధతి అనుకోండి. మూడోది అన్నిటికన్నా ఇంటింటి వ్యవహారంలా ఉంటుంది. తండ్రి పాసైన పరీక్షలన్నీ కొడుకూ రాసి పాసవ్వాలి.

ఈ మూడోదాన్ని వాడుకోవడానికి విమానాలే తయారుచేయనక్కర్లేదు. జావాలో పరీక్షలకు కూడా క్లాసులుంటాయి, వాటికీ వారసత్వం ఉంటుంది. తండ్రికి రాసిన పరీక్షల్ని ఒక తండ్రి పరీక్ష క్లాసులో పెట్టి, పిల్ల క్లాసులన్నిటి పరీక్షలూ దాన్నుంచి వారసత్వం తీసుకునేలా చేస్తే సరి. కొత్త రకం ఖాతా పుట్టిన రోజే పాత ప్రశ్నపత్రం మొత్తం దాని ముందుకొస్తుంది. మొదటిసారి అమర్చడానికే కాస్త శ్రమ.

రెండో ఆయుధం ఇంకోటుంది. కోడ్‌లో కావాలనే చిన్న చిన్న తప్పులు పెట్టి, పరీక్షలు వాటిని పట్టుకుంటాయో లేదో చూడటం. కూడికను తీసివేత చేస్తారు, ‘కన్నా తక్కువ’ను ‘కన్నా ఎక్కువ’ చేస్తారు, పిల్ల తిరగరాసిన పనిని తీసేసి తండ్రిదే నడిచేలా చేస్తారు. పరీక్షలు గగ్గోలు పెట్టకపోతే అవి నిద్రపోతున్నట్టే. మ్యుటేషన్ టెస్టింగ్ అని దీనికి పేరు. 1978లో డెమిల్లో, లిప్టన్, సేవర్డ్ అనే ముగ్గురు దీన్ని వెలుగులోకి తెచ్చారు. వాటర్లూ వాళ్లు 31 వేల కట్టల సత్తా కొలిచిందీ దీంతోనే. దీనికి బోలెడంత కంప్యూటర్ సమయం కావాలి. పెట్టిన ప్రతి తప్పుకూ పరీక్షల్ని మళ్లీ నడపాలి కాబట్టి. జావా కోసం పిట్ అనే ఉచిత పరికరం ఆ లైను మీదుగా వెళ్లే పరీక్షల్ని మాత్రమే ఎంచుకుని నడిపి ఆ భారం తగ్గించింది. పెద్ద ప్రోగ్రాములకు ఇప్పటికీ రాత్రి వదిలేసి పొద్దున వచ్చి చూసుకునే వ్యవహారమే.

ఇందాకటి బ్యాంకుకు తండ్రి పరీక్ష పద్ధతి పెట్టి చూద్దాం. ‘ఏ ఖాతాలోనైనా పరిమితికి లోబడి అడిగితే డబ్బు రావాలి’ అన్నది ఖాతాలన్నిటికీ ఉమ్మడి ప్రశ్న. పొదుపు ఖాతా ఎప్పట్లాగే పాసవుతుంది. ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతాలో 20 వేలు వేసి 30 వేలు అడగ్గానే కుదరదన్న జవాబొస్తుంది. తప్పు ఎక్కడుందో వెతకడానికి ఐదు నిమిషాలు, మైనస్ గుర్తు పెట్టడానికి ఒక సెకను. 50 వేలు రావాలన్న పాత పరీక్ష ఇప్పుడు తప్పుతుంది, దాన్నీ దిద్దాలి. సాయంత్రం కవరేజీ రిపోర్టు తీస్తే అందులో అంకె మాత్రం కదలదు. నిన్నా 100 శాతమే, ఇవాళా 100 శాతమే.